జావా, ఆన్‌లైన్ వాణిజ్యం: యంత్రాలు మారినా నిలిచిన ప్రోగ్రాములు

జావా ఒక ప్రోగ్రామింగ్ భాష. సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికన్ కంపెనీ దాన్ని 1995 మే 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభలో ప్రకటించింది. ఒకసారి రాసిన ప్రోగ్రాం ఏ కంప్యూటర్ మీదైనా, ఏ ఆపరేటింగ్ సిస్టంతోనైనా నడుస్తుందని అప్పుడు హామీ ఇచ్చింది. ఆ తర్వాతి పదేళ్లలో బ్యాంకులు, వేలం సైట్లు, పెద్ద కంపెనీల కొనుగోలు విభాగాలు, సరఫరాదారుల నెట్‌వర్కులు తమ వ్యవస్థలను పెద్ద ఎత్తున ఈ భాషలో కట్టుకున్నాయి. ఎందుకని అడిగితే పాఠ్యపుస్తకాలు ఆ హామీనే కారణంగా చూపిస్తాయి. చరిత్రను దగ్గరగా చూస్తే జవాబు అంత సూటిగా దొరకదు. ఒకే ప్రోగ్రాం అన్ని రకాల యంత్రాల మీదా ఒకేసారి నడవాలన్న ఆశ వ్యాపార రంగంలో చాలా చోట్ల నెరవేరలేదు. చాలా చోట్ల దాని అవసరమూ రాలేదు. వ్యాపారానికి జావా చేసిన అసలు మేలు కాలానికి సంబంధించింది. కింద యంత్రం మారినా, డేటాబేస్ మారినా, సర్వర్ అమ్మిన కంపెనీ ఇంకొకరి చేతికి పోయినా, ధర ఎలా కట్టాలి, సరుకు ఎప్పుడు పంపాలి, డబ్బు ఎప్పుడు పట్టాలి అన్న లెక్క పదిహేను, ఇరవై ఏళ్లు నిలిచి ఉండగలిగింది. ఆ నిలకడ కూడా భాష లక్షణాల వల్ల మాత్రమే రాలేదు. రాతపూర్వకమైన నిర్దేశాలు, వాటికి కట్టుబడ్డామో లేదో తేల్చే పరీక్షలు, కంపెనీల మధ్య ఒప్పందాలు దాన్ని నిలబెట్టాయి. అవి బలహీనపడిన చోటల్లా హామీ కూడా బలహీనపడింది.

ఈ భాష పుట్టుకకు వ్యాపారంతో సంబంధం లేదు. 1991లో సన్ కంపెనీలో జేమ్స్ గోస్లింగ్, ప్యాట్రిక్ నాటన్, మైక్ షెరిడన్ కలిసి గ్రీన్ ప్రాజెక్ట్ పేరుతో ఇళ్లలోని ఎలక్ట్రానిక్ పరికరాల కోసం పని మొదలుపెట్టారు. అలాంటి పరికరాల్లో ఏ ఏడాది ఏ చిప్ చవగ్గా దొరికితే దాన్నే వాడతారు. ప్రతి చిప్‌కూ ప్రోగ్రాంను మళ్లీ తయారుచేయడం కుదరదు కాబట్టి, ఊహాజనితమైన ఒక యంత్రాన్ని కాగితం మీద నిర్వచించి, భాషను ఆ యంత్రం ఆదేశాల్లోకి, అంటే బైట్‌కోడ్‌లోకి, మార్చే పద్ధతిని ఎంచుకున్నారు. ఆ యంత్రాన్ని అనుకరించే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ప్రతి నిజమైన యంత్రానికీ ఒకసారి రాస్తే సరిపోతుంది. దాన్నే జావా వర్చువల్ మెషీన్ అంటారు. ఆలోచన కొత్తది కాదు. 1970ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియేగో ప్రాంగణంలో కెన్నెత్ బోల్స్ బృందం పాస్కల్ భాషకు ఇదే పని చేసింది. జావాలో కొత్తదనమల్లా, నెట్‌వర్క్ మీద ఎక్కడి నుంచో వచ్చిన కోడ్‌ను నడిపే ముందు వర్చువల్ మెషీన్ తనిఖీ చేయడం, వాడేసిన మెమరీని తానే తిరిగి సేకరించడం, అంకెల పరిమాణాలను భాషలోనే కచ్చితంగా నిర్ణయించడం.

ఈ చివరి అంశం చిన్నదిగా కనిపిస్తుంది గానీ వ్యాపార ప్రోగ్రాములకు అది ప్రాణం. సీ భాషలో పూర్ణాంకానికి ఎన్ని బిట్లో యంత్రాన్ని బట్టి, కంపైలర్‌ను బట్టి మారుతుంది. జావాలో అది ఎక్కడైనా 32 బిట్లే, పెద్ద పూర్ణాంకం ఎక్కడైనా 64 బిట్లే. ఒక యంత్రం మీద సరిగ్గా వచ్చిన బిల్లు మొత్తం ఇంకో యంత్రం మీద హద్దు దాటి తప్పు రావడమనే బెడద దీంతో పోయింది. దశాంశ భిన్నాల దగ్గర మాత్రం భాష ఎంత చేసినా ప్రోగ్రామర్ జాగ్రత్త తప్పదు. 10 పైసలను, అంటే 0.1 రూపాయిని, ద్విసంఖ్యామానంలో (బైనరీలో) కచ్చితంగా రాయలేం. అందుకే తేలే బిందువు (ఫ్లోటింగ్ పాయింట్) సంఖ్యల్లో డబ్బును దాచకూడదు. జావా తన 1.1 వెర్షన్‌లోనే బిగ్‌డెసిమల్ అనే దశాంశ సంఖ్యల తరగతిని ఇచ్చింది; డబ్బు లెక్కల్లో దాన్నే వాడాలన్నది ఈ రంగంలో మొదటి పాఠం. తేలే బిందువు లెక్కల విషయంలో జావా చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. ఇంటెల్ చిప్‌ల మీద వేగం కోసం, ఫలితం ఎక్కడైనా ఒకేలా రావాలన్న నియమాన్ని 1998లో కాస్త సడలించారు. దాంతో ఒకే లెక్కకు వేర్వేరు యంత్రాల మీద అతి స్వల్పమైన తేడా రావడానికి వీలు కలిగింది. ఆ చిప్‌ల నిర్మాణం మారి సడలింపు అవసరం తీరిపోయాక, 2021లో వచ్చిన 17వ వెర్షన్‌లో పాత కచ్చితత్వాన్ని తిరిగి తెచ్చారు. వేగానికీ ఏకరూపతకూ మధ్య బేరం కుదుర్చుకుంటూ పోవాల్సిందేనని ఇది చూపిస్తుంది.

అక్షరాల విషయంలోనూ ఇదే తీరు. జావా మొదటి నుంచీ పదాలను యూనికోడ్‌లో దాచింది. 1990ల చివర్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ తన సొంత ఫాంటు, సొంత సంకేతాలు పెట్టుకుని నడిచిన రోజుల్లో, తెలుగు పేరును నేరుగా దాచగలిగిన ప్రోగ్రామింగ్ భాష ఉండటం చిన్న విషయం కాదు. అయినా భాష హామీ భాష సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. మనం ఒక్క అక్షరంగా చదివే ‘స్త్రీ’ జావాకు ఆరు యూనిట్లు. దాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో డేటాబేస్‌లో దాస్తే 18 బైట్లు. ఇంగ్లిష్ పేర్లను మనసులో పెట్టుకుని 20 బైట్ల గడి కేటాయించిన చోట తెలుగు పేరు సగంలో తెగిపోతుంది. అలాగే జావాతో వచ్చే సంఖ్యల అమరిక సాధనం కామాల మధ్య ఒకే దూరాన్ని పాటిస్తుంది. 12,34,567 అని మనం రాసే లక్షల పద్ధతి దానికి తెలియదు. ఐసీయూ అనే వేరే లైబ్రరీ తెచ్చుకోవాలి, లేదా సొంతంగా రాసుకోవాలి. ఎక్కడైనా ఒకేలా నడవడం వేరు, ఎక్కడి అలవాటుకు తగ్గట్టు అక్కడ నడవడం వేరు. వాణిజ్యానికి రెండూ కావాలి. జావా మొదటిదాన్నే బాగా ఇచ్చింది.

మొదట్లో జావాకు పేరు తెచ్చినవి ఆప్లెట్లు. నెట్‌స్కేప్ బ్రౌజర్ 1996లో జావాను తనలో కలుపుకోగానే, వెబ్ పేజీలోకి దిగి వినియోగదారు కంప్యూటర్ మీద నడిచే చిన్న ప్రోగ్రాములు వచ్చాయి. కొనుగోలుదారు ముందున్న తెర మొత్తం జావాలోనే ఉంటుందని, దుకాణం ఏ కంప్యూటర్ మీదైనా ఒకేలా కనిపిస్తుందని అనుకున్నారు. అది జరగలేదు. ఆప్లెట్ దిగడానికి చాలాసేపు పట్టేది, బ్రౌజర్‌కో వర్చువల్ మెషీన్ ఉండేది, వాటి మధ్య తేడాలు ఉండేవి, భద్రతా లోపాలు వరసగా బయటపడ్డాయి. 2015లో క్రోమ్ బ్రౌజర్ ఆ రకం ప్లగిన్లకు పూర్తిగా తలుపు మూసింది. 2017లో వచ్చిన జావా 9 ఆప్లెట్లను వద్దనే జాబితాలో చేర్చింది. కొనుగోలుదారు తెర మీద అన్ని యంత్రాలకూ ఉమ్మడి భాష అయ్యే అవకాశం జావాస్క్రిప్ట్‌కు దక్కింది. పేరులో, కొంత రాత తీరులో తప్ప దానికీ జావాకూ చుట్టరికం లేదు. అంటే హామీని ఏ చోటు కోసం ఇచ్చారో ఆ చోటే అది ఓడిపోయింది. అదే కాలంలో ఎవరూ పెద్దగా చప్పుడు చేయని సర్వర్ గదిలో జావా గెలుస్తూ వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

సర్వర్ గదిలో ఆప్లెట్ల సమస్యలేవీ లేవు. యంత్రాన్ని ఎంచుకునేది దుకాణం యజమానే. వర్చువల్ మెషీన్ ఏ వెర్షన్ ఉండాలో ఆయన సిబ్బందే నిర్ణయిస్తారు. ప్రోగ్రాం ఒకసారి మొదలైతే వారాల తరబడి నడుస్తుంది కాబట్టి మొదలవడానికి పట్టే సమయం ఎవరికీ లెక్కలోకి రాదు. ఆ పరిస్థితిలో జావా ఇచ్చిన వసతి బేరమాడే శక్తి. ఈ ఏడాది సన్ యంత్రం కొన్నవాడు వచ్చే ఏడాది ఐబీఎం యంత్రానికో, చవకైన లినక్స్ యంత్రానికో మారవచ్చు, ప్రోగ్రాంను తిరగరాయనక్కర్లేదు. 1997లో వచ్చిన జేడీబీసీ, డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతిని అందరికీ ఒకటే చేసింది. అదే ఏడాది వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే సర్వ్‌లెట్లు, 1998 మార్చిలో వ్యాపార లెక్కను సర్వర్ మీద నడిపే ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్, 1999 డిసెంబర్‌లో వీటన్నిటినీ ఒక్కచోట చేర్చిన జే2ఈఈ వచ్చాయి. బీఈఏ కంపెనీ వెబ్‌లాజిక్ పేరుతో, ఐబీఎం వెబ్‌స్ఫియర్ పేరుతో ఆ నిర్దేశాలకు తగ్గట్టు అప్లికేషన్ సర్వర్లు అమ్మాయి. వీటి మీద తయారైన దుకాణ సాఫ్ట్‌వేర్లు ఎన్నో చేతులు మారాయి. స్విట్జర్లాండ్‌లో 1997లో మొదలైన హైబ్రిస్‌ను 2013లో శాప్ కొన్నది. ఐబీఎం తన వెబ్‌స్ఫియర్ కామర్స్‌ను 2019లో భారతీయ కంపెనీ హెచ్‌సీఎల్‌కు అప్పగించింది. వెబ్‌లాజిక్ బీఈఏతో పాటు 2008లో ఒరాకిల్ వశమైంది. యజమానులు మారినా వాటి మీద కట్టిన దుకాణాలు నడుస్తూనే ఉన్నాయి.

అలాగని ఆ మార్పులు తేలిగ్గా జరిగిపోయాయని చెప్పడం సరికాదు. జేడీబీసీ పిలిచే తీరును ఒకటి చేసింది గానీ పిలిచి అడిగే ప్రశ్నను ఒకటి చేయలేకపోయింది. సరుకుల జాబితాలో మొదటి 20 మాత్రమే కావాలంటే ఒరాకిల్‌లో చాలా కాలం ఒక రకంగా, మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో రకంగా, మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌లో మరో రకంగా రాయాల్సి వచ్చేది. ఖాళీ పదాన్ని ఒరాకిల్ ‘విలువే లేదు’ అన్నట్టు చూస్తుంది, మిగతావి అలా చూడవు. ఇలాంటి తేడాలు దుకాణం మూసేసి మరీ సరిచేసుకోవాల్సినంత పెద్దవి. ఇక అప్లికేషన్ సర్వర్లు అమ్మినవారు తమ సొంత హంగులు కలిపారు. వాటికి అలవాటు పడిన ప్రోగ్రాం బయటికి రాలేకపోయింది. ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ తొలి వెర్షన్లలో ఒక చిన్న పనికి మూడు, నాలుగు ఫైళ్లు, పైన పొడవాటి ఎక్స్‌ఎంఎల్ వివరణ రాయాల్సి వచ్చేది. దీన్ని గట్టిగా విమర్శిస్తూ రాడ్ జాన్సన్ 2002లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకంలోని కోడే పెరిగి 2004లో స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 1.0 అయింది. వ్యాపార లెక్కను మామూలు జావా తరగతుల్లోనే ఉంచి, సర్వర్‌కు సంబంధించిన సంగతులను బయటి నుంచి తగిలించడం దాని పద్ధతి. కాలంతో పాటు మారే దానిని, మారకూడని దానిని వేరు చేయడంలో స్ప్రింగ్ అసలు నిర్దేశం కంటే బాగా ఆలోచించిందని నా అభిప్రాయం. రెండేళ్ల తర్వాత ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ నిర్దేశం కూడా ఆ దారికే వచ్చింది.

ఈ తేడా ఎంత విలువైనదో ఈబే అనుభవం చెబుతుంది. పియర్ ఒమిడ్యార్ 1995లో పెర్ల్ భాషలో ఆ వేలం సైటును మొదలుపెట్టాడు. తర్వాత దాన్ని సీ++ లో రాశారు. అది పెరిగి పెరిగి 30 లక్షల వరసలు దాటిన ఒకే ఒక్క పెద్ద ముక్క అయింది. వందల మంది ప్రోగ్రామర్లు ఆ ఒక్క ముక్క మీదే పనిచేస్తూ, చివరికి ఒక తరగతిలో ఎన్ని మెథడ్లు ఉండవచ్చో కంపైలర్ పెట్టిన హద్దును కూడా తాకారు. అవతల డేటాబేస్ ఒక పెద్ద యంత్రం మీద కూర్చుని ఉండేది. 1999 జూన్‌లో అది పడిపోయినప్పుడు సైటు దాదాపు 22 గంటలు ఆగింది. కొత్త శతాబ్దపు తొలి ఏళ్లలో ఈబే సైటును జావాలోకి మార్చింది. అలా మార్చేటప్పుడు జే2ఈఈ ఇచ్చినదంతా తీసుకోలేదు. సర్వ్‌లెట్లను ఉంచుకుని, ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్‌లో భాగమైన ఎంటిటీ బీన్స్‌ను వదిలేసి, డేటాబేస్‌తో మాట్లాడే పొరను సొంతంగా రాసుకుంది. అనేక డేటాబేస్‌లను ఒకే లావాదేవీలో కట్టిపడేసే పద్ధతిని దూరం పెట్టింది. కొనుగోలుదారు వివరాలను ఏ ఒక్క సర్వర్ మెమరీలోనూ ఉంచకుండా, ఏ అభ్యర్థన ఏ సర్వర్‌కు వెళ్లినా పని జరిగేలా చూసింది. చైనాలో 2003లో కొనుక్కొచ్చిన పీహెచ్‌పీ ప్రోగ్రాంతో మొదలైన తావోబావో అమ్మకాల సైటు మరుసటి ఏడాదే జావాకు మారింది. తర్వాతి ఏళ్లలో దాని యజమాని అలీబాబా ఖరీదైన ఐబీఎం యంత్రాలను, ఒరాకిల్ డేటాబేస్‌ను, ఈఎంసీ నిల్వ పరికరాలను ఒక్కొక్కటిగా వదిలించుకుంది. 2019 నవంబర్ 11 అమ్మకాల్లో సెకనుకు 5,44,000 ఆర్డర్ల శిఖరాన్ని తాకామని ఆ కంపెనీ ప్రకటించింది. ఈ రెండు కథల్లోనూ కింది సామగ్రి దాదాపు పూర్తిగా మారింది, పైన భాష నిలిచింది. నిర్దేశంలో ఏది పట్టుకోవాలో, ఏది వదలాలో తెలిసిన ఇంజనీర్లు ఉండటం వల్లే అది సాధ్యమైందన్నది కూడా అంతే నిజం.

ఇక ఒప్పందాల సంగతి. బజారులో ప్రతి కొట్టులోనూ తూకపు రాళ్లు ఉంటాయి. కిలో అంటే కిలోయేనని నమ్మడానికి తూనికల శాఖ వేసిన ముద్ర కావాలి. జావాకు ఆ ముద్ర అనుకూలతా పరీక్షల సమాహారం. దానిలో నెగ్గినవారికే తమ ఉత్పత్తిని జావా అని చెప్పుకునే హక్కు. ఈ హక్కు కోసమే 1997 అక్టోబర్‌లో సన్ మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. మైక్రోసాఫ్ట్ తన జావాలో దూరపు యంత్రాలను పిలిచే ఆర్ఎంఐను వదిలేసి, విండోస్‌లో మాత్రమే పనిచేసే సొంత చేర్పులు పెట్టిందన్నది ఆరోపణ. 2001 జనవరిలో 2 కోట్ల డాలర్లతో ఆ దావా రాజీ అయింది. మైక్రోసాఫ్ట్ జావాను పక్కనపెట్టి సీషార్ప్, డాట్‌నెట్‌ల వైపు నడిచింది. రెండో పెద్ద వివాదం గూగుల్ ఫోన్ వ్యవస్థ ఆండ్రాయిడ్ మీద, సన్‌ను తర్వాత కొన్న ఒరాకిల్‌తో నడిచింది. జావా పేర్లు, విధానాల ప్రకటనల్లో సుమారు 11,500 వరసలను గూగుల్ వాడుకోవడం న్యాయమైన వినియోగమేనని అమెరికా సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో 6–2 ఆధిక్యంతో తీర్పిచ్చింది. యంత్రంతో ముడిపడని భాష అని మనం అనుకునేది కోర్టుల్లో, లైసెన్సు పత్రాల్లో కూడా కాపాడుకోవాల్సిన వస్తువని ఈ రెండు కేసులూ నిరూపించాయి.

ఇంతవరకు ఒక సంస్థ గోడల లోపలి సంగతి. సంస్థల మధ్య నెట్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి భాష పాత్ర ఇంకా తగ్గుతుంది. వ్యాపారాల మధ్య పత్రాల మార్పిడి జావా కంటే చాలా పాతది. అమెరికాలో 1979 నుంచి ఎక్స్12, అంతర్జాతీయంగా 1987 నుంచి ఎడిఫాక్ట్ అనే ప్రమాణాలు ఉన్నాయి. ఎక్స్12లో 850 అంటే కొనుగోలు ఆర్డర్, 810 అంటే ఇన్వాయిస్. ఇవి ప్రైవేటు నెట్‌వర్క్‌ల మీద, పంపిన అక్షరాల లెక్కన రుసుం కట్టి నడిచేవి కాబట్టి చిన్న సరఫరాదారులకు అందుబాటులో ఉండేవి కావు. ఇంటర్నెట్ వచ్చాక, రెండు వైపులా జావా ఉంటే చాలు, ఒక కంపెనీ ప్రోగ్రాం ఇంకో కంపెనీ ప్రోగ్రాంను నేరుగా పిలవవచ్చని ఆర్ఎంఐ ఆశ పెట్టింది. ఆ ఆశలోని లోపం త్వరగానే తెలిసింది. ఒక వైపు తరగతిలో చిన్న మార్పు చేస్తే అవతలి వైపు చదవలేకపోతుంది. రెండు సంస్థలు ఒకే రోజు తమ సాఫ్ట్‌వేర్‌ను మార్చుకోవడం వ్యాపారంలో జరగని పని. సందేశాల వరస కోసం వచ్చిన జేఎంఎస్ మరీ స్పష్టమైన ఉదాహరణ. ప్రోగ్రామర్ ఎలా రాయాలో అది నిర్దేశించింది గానీ తీగ మీద బైట్లు ఎలా వెళ్లాలో చెప్పలేదు. దాంతో రెండు వేర్వేరు కంపెనీల జేఎంఎస్ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోయాయి. ఆ లోటు తీర్చడానికే జేపీ మోర్గాన్‌లో జాన్ ఓహారా 2003లో ఏఎంక్యూపీ అనే ప్రమాణానికి పునాది వేశాడు.

అందువల్ల సంస్థల మధ్య నిలిచింది సందేశపు రూపం, ఆ రూపం మీద కుదిరిన అంగీకారం. 1998లో ఎక్స్‌ఎంఎల్ వచ్చాక సోప్, ఈబీఎక్స్‌ఎంఎల్, రొసెట్టానెట్ అనే ప్రమాణాలు ఆ దారిలో నడిచాయి. అన్నీ గెలవలేదు. లోకంలోని వ్యాపారాలన్నీ తమ సేవలను నమోదు చేసుకునే బహిరంగ చిట్టాగా ఐబీఎం, మైక్రోసాఫ్ట్, అరీబా 2000లో మొదలుపెట్టిన యూడీడీఐ సర్వర్లను 2006లో మూసేశారు. పరిచయం లేని కంపెనీతో కంప్యూటర్ దానంతటదే బేరం కుదుర్చుకోవాలన్న ఊహకు వెనక నమ్మకం, హామీ, తగాదా తీర్చే యంత్రాంగం లేవు. భారతదేశంలో ఆ వెనకటి యంత్రాంగాన్ని ముందు కట్టిన వ్యవస్థలు నిలిచాయి. 2016లో మొదలైన యూపీఐలో బ్యాంకులు డిజిటల్ సంతకం చేసిన ఎక్స్‌ఎంఎల్ సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. నిబంధనలు, పరిష్కారం నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ చేతిలో ఉంటాయి. 2020 అక్టోబర్ 1న 500 కోట్ల రూపాయలు దాటిన టర్నోవర్ ఉన్న సంస్థలతో మొదలైన జీఎస్‌టీ ఈ-ఇన్వాయిస్, 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటిన వాటికీ వర్తిస్తోంది. దాని పత్రం జేసన్ రూపంలో ఉంటుంది. 2021 చివర్లో కంపెనీగా నమోదైన ఓఎన్‌డీసీలో కొనుగోలుదారు యాప్, అమ్మకందారు యాప్ వేర్వేరు సంస్థలవి కావచ్చు; వెతకడం, ఎంచుకోవడం, ఖాయం చేసుకోవడం అన్నీ బెక్న్ అనే ఉమ్మడి ప్రోటోకాల్ ప్రకారం జరుగుతాయి. గుంటూరులో మిర్చి అమ్మే వ్యాపారి సాఫ్ట్‌వేర్ జావాలో ఉందా, పైథాన్‌లో ఉందా అన్నది ఈ వ్యవస్థల్లో దేనికీ పట్టదు. భాష ఇస్తానన్న స్వేచ్ఛను నెట్‌వర్క్ దగ్గర ప్రోటోకాల్ ఇచ్చింది.

జావా మీద ఉన్న అభ్యంతరాల్లో పాతది దాని మందగమనం. తొలి ఏళ్లలో అది పూర్తిగా న్యాయమైన ఫిర్యాదే. బైట్‌కోడ్‌ను ఒక్కో ఆదేశంగా చదివి నడపడం సీ ప్రోగ్రాంతో పోలిస్తే చాలా నెమ్మది. 1999లో వచ్చిన హాట్‌స్పాట్, ప్రోగ్రాం నడుస్తుండగా ఎక్కువగా వాడే భాగాలను గుర్తించి అప్పటికప్పుడు నిజమైన యంత్రపు ఆదేశాల్లోకి మార్చడంతో ఆ తేడా చాలా వరకు తగ్గింది. దుకాణంలో సమయం ఎక్కువగా డేటాబేస్ జవాబు కోసం, బ్యాంకు జవాబు కోసం ఎదురుచూడటంలోనే గడుస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి. మెమరీ ఎక్కువ తినడం, మొదలవడానికి సమయం తీసుకోవడం మాత్రం ఇప్పటికీ నిజమైన లోపాలే. క్లౌడ్‌లో ప్రతి గిగాబైట్‌కూ, ప్రతి సెకనుకూ అద్దె కట్టే కాలంలో వాటిని చిన్నచూపు చూడకూడదు. ముందే కంపైల్ చేసే గ్రాల్‌వీఎం లాంటి సాధనాలు వాటికి మందు. కానీ ఆ మందు వాడితే తయారయ్యే ప్రోగ్రాం ఒక రకం యంత్రానికే పరిమితమవుతుంది. హామీని అమ్ముకుని వేగం కొనుక్కున్నట్టే. చాలా వ్యాపారాలకు అది సరైన బేరమే, ఎందుకంటే మూల కోడ్ మాత్రం ఎక్కడికైనా మారగలిగే స్థితిలోనే ఉంటుంది.

దీనికి దగ్గరగానే ఇంకో గట్టి అభ్యంతరం ఉంది. 2013లో డాకర్ వచ్చాక ఏ భాషలో రాసిన ప్రోగ్రాంనైనా దానికి కావాల్సినవాటితో సహా ఒక పెట్టెలో కట్టి ఎక్కడైనా నడపవచ్చు కదా, ఇంక యంత్రంతో ముడిపడని భాష ఎందుకు అని అడుగుతారు. ఆపరేటింగ్ సిస్టంల మధ్య తేడాల విషయంలో ఈ వాదన నిజం. ప్రాసెసర్ మారినప్పుడు అది నిలవదు, ఎందుకంటే ఆ పెట్టె ఒక రకం ప్రాసెసర్ కోసం తయారవుతుంది. 2018లో అమెజాన్ తన క్లౌడ్‌లో ఆర్మ్ రకం గ్రావిటాన్ ప్రాసెసర్లను పెట్టినప్పుడు, స్వచ్ఛమైన జావా ప్రోగ్రాములు మళ్లీ కంపైల్ చేయకుండానే వాటి మీదికి వెళ్లగలిగాయి. సీ భాషలో రాసిన లైబ్రరీలను లోపల వాడుకునే ప్రోగ్రాములకే అదనపు శ్రమ పట్టింది. 1991లో ఇంటి పరికరాల చిప్‌ల గురించి వేసిన లెక్క 27 ఏళ్ల తర్వాత క్లౌడ్ అద్దె తగ్గించుకునే చోట పనికొచ్చింది.

భద్రత గురించిన అభ్యంతరానికి అంత ధీమాగా జవాబు చెప్పలేం. అందరూ ఒకే భాష, ఒకే లైబ్రరీలు వాడితే ఒక్క రంధ్రం అందరి గోడల్లోనూ పడుతుంది. జావా వెబ్ లైబ్రరీ అపాచీ స్ట్రట్స్‌లోని లోపానికి 2017 మార్చిలో సవరణ వచ్చినా దాన్ని సకాలంలో పెట్టుకోకపోవడం వల్ల ఈక్విఫాక్స్ అనే అమెరికా రుణ సమాచార సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2021 డిసెంబర్‌లో చిట్టా రాసే లాగ్4జే లైబ్రరీలో లోపం బయటపడింది. ప్రోగ్రాం తన చిట్టాలో రాసుకునే వాక్యంలో ఒక ప్రత్యేకమైన పదబంధం ఉంటే చాలు, బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చుకుని నడిపేస్తుంది. దీనికి మూలం జేఎన్‌డీఐ అనే వసతి. ఏ కంపెనీ డైరెక్టరీ సర్వర్‌తోనైనా ఒకే రకంగా మాట్లాడటానికి, అంటే ఒకే కంపెనీకి కట్టుబడకుండా ఉండటానికే, దాన్ని తయారుచేశారు. ఆ వెసులుబాటే శత్రువుకు దారి అయింది. చెక్అవుట్ పేజీలో పేరు గడిలో ఎవరో టైపు చేసిన మాటకు సర్వర్ లొంగిపోగలదంటే, నిర్దేశానికి సరిపోవడం, పరీక్షలో నెగ్గడం మాత్రమే చాలవని అర్థం. ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఎక్కడ వాడుతున్నామన్న జాబితా ప్రతి సంస్థా రాసి ఉంచుకోవాలి. ఆ డిసెంబర్‌లో చాలా సంస్థలకు సవరణ పెట్టడం కంటే, ఆ లైబ్రరీ తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతకడమే కష్టమైంది.

యాజమాన్యం గురించిన భయమూ పాతదే. 2010లో ఒరాకిల్ సన్‌ను కొన్నాక, 2019 జనవరి నుంచి జావా 8కి వ్యాపార వాడుకలో ఉచిత నవీకరణలు ఆపేసింది. 2023లో ఉద్యోగుల సంఖ్యను బట్టి రుసుం కట్టే విధానం తెచ్చింది. సన్ 2006లోనే జావాను జీపీఎల్ లైసెన్సు కిందికి తెస్తామని ప్రకటించి ఓపెన్‌జేడీకే‌గా విడుదల చేసి ఉండకపోతే, ఇన్ని దుకాణాల భవిష్యత్తు ఒక కంపెనీ ధరల పట్టిక మీద ఆధారపడేది. ఆ విడుదల వల్లే అమెజాన్ కొరెట్టో, అలీబాబా డ్రాగన్‌వెల్, అడాప్టియం వారి టెమురిన్ లాంటి ప్రత్యామ్నాయాలు పుట్టాయి, వ్యాపారాలు వాటికి మారగలిగాయి. ఎంటర్‌ప్రైజ్ నిర్దేశాలను ఒరాకిల్ ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు ఇచ్చినా జావా అనే వ్యాపార నామాన్ని ఇవ్వలేదు. దాంతో ఆ నిర్దేశాల కొత్త రూపమైన జకార్తా ఈఈ, 2020 నాటి 9వ వెర్షన్‌లో, ప్రతి ప్యాకేజీ పేరులోని జావాఎక్స్‌ను జకార్తాగా మార్చాల్సి వచ్చింది. సాంకేతికంగా ఏ కారణమూ లేకుండా, పేరు హక్కుల కోసం, లోకమంతటా లక్షల ఫైళ్లు తిరగరాయించిన మార్పు ఇది. కాలాన్ని తట్టుకోవడమే ఈ భాష గొప్ప అన్నవారికి ఇది బాధ కలిగించే విషయమే.

అయినా పాత కోడ్ విషయంలో జావా చూపిన శ్రద్ధ అరుదైనది. 2004లో జెనరిక్స్‌ను, అంటే ఒక జాబితాలో ఏ రకం విలువలు ఉండాలో ముందే చెప్పే వసతిని, చేర్చినప్పుడు, పాత ప్రోగ్రాములు చెడిపోకూడదన్న ఒక్క కారణంతో, నడిచే సమయంలో ఆ రకాల సమాచారం చెరిగిపోయే పద్ధతిని ఎంచుకున్నారు. కొత్తగా రాసేవారికి అది ఇబ్బందే. మరోవైపు పైథాన్ 2008లో మూడో వెర్షన్‌కు మారుతూ పాతదానితో పొత్తు తెంచుకుంది, ఆ మార్పు ముగియడానికి 2020 దాకా పట్టింది. పరిశోధనశాల ఆ నిరీక్షణను భరించగలదు. రోజూ జీతాలు, చెల్లింపులు నడపాల్సిన సంస్థకు అది కష్టం. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 21లోని వర్చువల్ థ్రెడ్లదీ ఇదే స్వభావం. జవాబు కోసం ఎదురుచూసే వేలాది పనులను కొద్దిపాటి థ్రెడ్ల మీద నడపడానికి నోడ్ లాంటి వేదికలు కోడ్ రాసే తీరునే మార్చమన్నాయి. జావా మాత్రం పాత తీరులో వరసగా రాసిన కోడ్‌నే ఆ లాభం పొందేలా చేసింది. మొదట్లో, ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే అనుమతించే సింక్రనైజ్డ్ భాగాల దగ్గర ఈ పథకం చిక్కుకునేది. 2025 మార్చి నాటి 24వ వెర్షన్‌లో ఆ చిక్కు చాలా వరకు తీరింది.

చివరగా, ఈ భాష ఎక్కడ అక్కర్లేదో కూడా చెప్పాలి. నాలుగు రకాల పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మదలచుకున్న కుటుంబానికి జావా సర్వర్ భారం. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్, లేదా రూబీ భాషలో కట్టిన షాపిఫై వంటి అద్దె సేవ ఒక్క రోజులో పని కానిస్తుంది. డాట్‌నెట్ కూడా 2016 నుంచి లినక్స్ మీద నడుస్తోంది కాబట్టి అన్ని యంత్రాల మీదా నడవడం ఇప్పుడు జావా ఒక్కదాని ప్రత్యేకత కాదు. జావాకు విలువ వచ్చేది నియమాలు ఎక్కువై, వాటిని అనేక మంది అనేక ఏళ్లపాటు మారుస్తూ పోవాల్సిన చోట. అక్కడ మనుషుల లభ్యత కూడా భాష లక్షణాలంత ముఖ్యం. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచిన కాలం నుంచి అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, తర్వాతి కాలంలో స్ప్రింగ్ అన్న వరస నేటికీ నడుస్తోంది. అక్కడ సర్వ్‌లెట్లు నేర్చుకున్నవారు ఇక్కడి బ్యాంకుల వ్యవస్థల్లోనూ, అమెరికాలో దుకాణాల వ్యవస్థల్లోనూ అదే జ్ఞానంతో పనిచేశారు. ఆ కోర్సుల్లో జేడీబీసీ చెప్పినంత వివరంగా డబ్బు లెక్కల్లో బిగ్‌డెసిమల్ ఎందుకు వాడాలో, తెలుగు పేరుకు డేటాబేస్‌లో ఎన్ని బైట్లు వదలాలో, వాడుతున్న లైబ్రరీల జాబితా ఎలా ఉంచుకోవాలో కూడా చెప్పాలి.